పరిశోధన విద్యలో వెనుకబడిన వర్గాలకు ఫెలోషిప్పులు

పరిచయం

ఎం.ఏ. రెండో సంవత్సరం కాంటాక్టు తరగతులు ముగిసే రోజుల్లో, విజయవాడ అధ్యయన కేంద్రంలో ఎవరో ఒకరు వెనక ఆగి అడుగుతారు: "సార్, మాలాంటివాళ్ళం పిహెచ్.డి. చెయ్యగలమా అండి?" మొదట్లో ఇది తెలివితేటలకు సంబంధించిన ప్రశ్న అనుకుని, నాలుగు ధైర్యవచనాలు చెప్పి పంపేవాణ్ణి. ఉయ్యూరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి విడమరచి చెప్పాక గాని అసలు సంగతి నాకు తలకెక్కలేదు. ఆమె పగలు బట్టల షాపులో పని చేసి, రాత్రి చదువుకునేది. "ఫీజు సంగతి కాదండి. నేను అయిదేళ్ళు యూనివర్సిటీలో కూర్చుంటే ఇంట్లో నా జీతం ఎవరిస్తారండి?" అంది.

పిహెచ్.డి.కి అయ్యే ఖర్చులో ఫీజు చిన్న భాగం. ఆ అయిదేళ్ళూ సంపాదన లేకుండా ఉండటమే పెద్ద ఖర్చు. పొలమో, అద్దెలు వచ్చే ఇల్లో, ఉద్యోగం చేసే తండ్రో ఉన్నవారికి ఆ ఖర్చు కంటికి కనిపించదు. కూలి డబ్బుతోనో షాపు జీతంతోనో నడిచే ఇంటికి అదే మొదట కనిపిస్తుంది. ఫెలోషిప్ అనే ఏర్పాటు పుట్టింది ఇక్కడే. ఈ పాఠ్యాంశం చదివిన తరువాత ఫెలోషిప్పుకూ స్కాలర్‌షిప్పుకూ ఉన్న తేడాను, ఇప్పుడు అమల్లో ఉన్న ముఖ్యమైన పథకాలను, వాటిని అందుకోవడంలో మన ప్రాంత విద్యార్థులకు ఎదురయ్యే చిక్కులను మీరు గుర్తించగలుగుతారు.

ఫెలోషిప్ అంటే ఏమిటి?

స్కాలర్‌షిప్ అంటే విద్యార్థి చదువుకయ్యే ఖర్చులో ప్రభుత్వం గాని, సంస్థ గాని భరించే భాగం. ఫీజు, పుస్తకాలు, హాస్టల్ ఖర్చు ఇందులోకి వస్తాయి. ఫెలోషిప్ స్వభావం వేరు. పరిశోధకుడు చేసేదీ పనే, అతని పూర్తి సమయం తీసుకునే పని. కాబట్టి ఆ కాలంలో అతను బతకడానికి నెలనెలా ఇచ్చే భృతిని ఫెలోషిప్ అంటారు. ఫెలోషిప్ తీసుకునేవారు పూర్తికాల పరిశోధకులై ఉండాలనీ, వేరే ఉద్యోగం చేయరాదనీ నిబంధన పెట్టడానికి కారణం ఇదే.

ఇప్పటి లెక్క చూడండి. 2023 జనవరి 1 నుంచి యు.జి.సి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు రూ. 37,000, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు రూ. 42,000. మొదటి రెండేళ్ళు జూనియర్, తరువాతి మూడేళ్ళు సీనియర్. 24 నెలలకు రూ. 8,88,000, 36 నెలలకు రూ. 15,12,000. మొత్తం సరిగ్గా 24 లక్షలు. హాస్టల్ వసతి దొరకనివారికి నగర వర్గీకరణను బట్టి ఇంటి అద్దె భత్యం, పుస్తకాలకూ క్షేత్ర పర్యటనలకూ కంటింజెన్సీ నిధి దీనికి అదనం. మనం ఇక్కడ చెప్పుకోబోయే ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ ఫెలోషిప్పులకు కూడా ఈ రేట్లే ప్రమాణం. షాపు జీతం మీద ఇల్లు నడిపే అమ్మాయి ఈ అంకె చూస్తే తన ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. మిగతా సగం జవాబు అంత తేలికైనది కాదు.

బరోడా, బెజవాడ: 1917

అణగారిన కులంలో పుట్టిన విద్యార్థికి ఫెలోషిప్ ఏం చేయగలదో, అది మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ జీవితం కన్నా మంచి ఉదాహరణ లేదు. 1913లో బరోడా మహారాజు మూడవ శాయాజీరావు గాయక్వాడ్ ఇచ్చిన విద్యార్థి వేతనంతో ఆయన న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. నెలకు 11.5 పౌండ్ల చొప్పున మూడేళ్ళ పాటు. చదువయ్యాక పదేళ్ళు బరోడా సంస్థానంలో పనిచేయాలన్నది ఒప్పందం. కొలంబియా చదువు తరువాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు గాని, వేతనం గడువు ముగియడంతో 1917లో చదువు మధ్యలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. బరోడాలో ఉద్యోగం ఇచ్చారు. ఉండటానికి ఇల్లు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. తలదాచుకున్న పార్శీ సత్రం నుంచి కూడా వెళ్ళగొట్టారు. లండన్ చదువు పూర్తి చేయడానికి ఆయన మళ్ళీ బయలుదేరింది 1920లో. సొంతంగా కూడబెట్టుకున్నది కొంత, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం కొంత, స్నేహితుడి దగ్గర అప్పు కొంత. అంతటి మేధావికి కూడా మూడేళ్ళు పోయాయి. కారణం ప్రతిభ చాలకపోవడం కాదు, డబ్బు ఆగిపోవడం.

అదే 1917 నవంబరులో మన బెజవాడలో ఒక సభ జరిగింది. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించిన ఆ సభలోనే 'పంచములు' అన్న మాటను తిరస్కరించి 'ఆది ఆంధ్రులు' అన్న పేరును ముందుకు తెచ్చారు. ఆనాటికి వారి పిల్లలకు ఊరి బడిలో కూర్చునే చోటు దొరకడమే గొప్ప, విశ్వవిద్యాలయం ఊహకు అందనిది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలైందీ ఈ బెజవాడలోనే. 1930లో వాల్తేరుకు మారింది. అంటే తెలుగువారి తొలి విశ్వవిద్యాలయం నాలుగేళ్ళు ఈ ఊళ్ళోనే ఉంది.

ఆ నాలుగేళ్ళలో దాని మెట్లెక్కిన మాల, మాదిగ, యానాది విద్యార్థులు ఎందరన్నది పరిశోధనకు మంచి అంశం. మీలో ఎవరైనా చేయవచ్చు.

డెల్టా చరిత్రలో ఇంకో సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తయింది, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. కాలవల నీళ్ళతో రెండు పంటలు పండిన చోట భూమి ఉన్నవారి పిల్లలు కాలేజీలకు వెళ్ళారు. ఆ పొలాల్లో నాట్లు వేసినవారి పిల్లలు చాలాకాలం ఆ పొలాల్లోనే ఉన్నారు. నీళ్ళు అందరి ఊళ్ళలోంచీ పారాయి గాని, చదువు అలా పారలేదు. 1944లో షెడ్యూల్డ్ కులాలకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాక, వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో ఉన్న అంబేడ్కర్ కృషి దాని వెనక ఉంది, పరిస్థితి నెమ్మదిగా మారింది. పరిశోధన స్థాయికి ప్రత్యేక ఫెలోషిప్ రావడానికి మాత్రం మరో అరవై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడున్న పథకాలు

2005-06లో ఎస్సీ, ఎస్టీ పరిశోధకుల కోసం రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ ప్రారంభమైంది. ఎస్సీలకు ఉద్దేశించిన భాగం ఇప్పుడు షెడ్యూల్డ్ కులాల జాతీయ ఫెలోషిప్‌గా నడుస్తోంది. దేశం మొత్తానికి ఏటా 2,000 కొత్త ఫెలోషిప్పులు. 2023 నుంచి దీని అమలు బాధ్యత యు.జి.సి. నుంచి జాతీయ షెడ్యూల్డ్ కులాల ఆర్థిక, అభివృద్ధి సంస్థకు మారింది. ఎస్టీ విద్యార్థులకు గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏటా 750 ఇస్తుంది. మన డెల్టాలో ఎస్టీలంటే ప్రధానంగా యానాదులు, ఎరుకలవారు, సుగాలీలు. ఓబీసీలకు 2014-15లో మొదట 300తో మొదలై, ఇప్పుడు ఏటా 1,000. పెడన, మంగళగిరి చేనేత కుటుంబాల పిల్లలు, బందరు తీరంలో చేపల వేట మీద బతికే కుటుంబాల పిల్లలు ఆలోచించవలసింది దీని గురించే. దివ్యాంగులకు ప్రత్యేక జాతీయ ఫెలోషిప్, ఇంట్లో ఒక్కతే సంతానమైన అమ్మాయిలకు సావిత్రిబాయి జ్యోతిరావు ఫూలే ఫెలోషిప్ ఉన్నాయి.

ఈ అంకెలను దేశం మొత్తం పరిశోధకుల సంఖ్యతో పక్కపక్కన పెట్టి చూడాలి. అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2014-15లో 1.17 లక్షలున్న పిహెచ్.డి. విద్యార్థులు 2021-22కు 2.12 లక్షలయ్యారు. అందులో మహిళలు 0.98 లక్షలు. పరిశోధకుల సంఖ్య ఇంచుమించు రెట్టింపైన కాలంలో ఎస్సీల 2,000 ఫెలోషిప్పులు 2,000గానే ఉన్నాయి.

విదేశాల్లో చదవాలనుకునే ఎస్సీ విద్యార్థులకు 1954-55 నుంచి జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఇప్పుడు ఏటా 125, అందులో 115 ఎస్సీలకు. 2022లో దీని మార్గదర్శకాలలో ఒక నిబంధన చేర్చారు: భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద చేసే పరిశోధనలకు ఈ స్కాలర్‌షిప్ వర్తించదు. అలాంటి పరిశోధనకు కావలసిన వనరులు దేశంలోనే ఉన్నాయన్నది దాన్ని సమర్థించేవారి వాదన. నాకు అది సరైనదిగా తోచదు. 1916 మే నెలలో కొలంబియా సెమినార్‌లో అంబేడ్కర్ సమర్పించిన పత్రం భారతదేశంలో కులాల గురించి. ఆయన డాక్టరేట్ గ్రంథం బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ గురించి. తన సమాజాన్ని దూరం నుంచి చూసే అవకాశం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే ఆ తలుపు మూయడం విడ్డూరం.

కుల పత్రం దగ్గర వచ్చే చిక్కు

కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో ఈ విషయాన్ని ఎంత వివరంగా చెప్పినా తక్కువే. మాల, మాదిగ పేటల్లో క్రైస్తవం వచ్చి నూరేళ్ళు దాటింది. చాలా ఇళ్ళకు చదువు వచ్చింది కూడా మిషన్ బడి ద్వారానే. కాని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు గాని క్రైస్తవులకు విస్తరించలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలు, వారి సంతానం బీసీ-సి కిందికి వస్తారు. ఎస్టీ హోదాకు మాత్రం మతంతో సంబంధం లేదు.

అందువల్ల క్రైస్తవులుగా నమోదైన దళిత విద్యార్థులకు ఎస్సీ ఫెలోషిప్ రాదు. వారికి ఒకప్పుడు ఇంకో దారి ఉండేది. 2009లో మైనారిటీ పరిశోధకుల కోసం మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ ప్రారంభమైంది. ముస్లింలతో పాటు క్రైస్తవులకూ అది వర్తించేది. 2022-23 నుంచి కొత్తవారికి ఆపేశారు. అప్పటికే పొందుతున్నవారికి గడువు వరకు కొనసాగించారు. ఇతర పథకాలతో అతివ్యాప్తి ఉందన్నది ప్రభుత్వం చూపిన కారణం. ఇతర పథకాలున్న మాట నిజమే. కాని విజయవాడ వన్‌టౌన్‌లోని ముస్లిం విద్యార్థికీ, గుడివాడ పక్క పల్లెలోని క్రైస్తవ విద్యార్థికీ ఉన్న ఒక తలుపు తగ్గిందన్నదీ నిజమే.

మిగిలింది ఓబీసీ దారి. అక్కడ ఒక జాగ్రత్త అవసరం. రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా పూర్తిగా ఒకటి కావు. ఫెలోషిప్‌కు లెక్కలోకి వచ్చేది కేంద్ర జాబితా. రాష్ట్ర ఉద్యోగాలకు వాడే బీసీ పత్రం చాలదు. కేంద్ర నమూనాలో, క్రీమీలేయర్‌కు చెందరని తెలిపే ఓబీసీ పత్రం కావాలి. ఈ తేడా తెలియక ఆఖరి రోజున మీసేవ కేంద్రం దగ్గర నిలబడి కంగారు పడినవారిని నేను ఏటా చూశాను.

నెట్, తెలుగు మాధ్యమం

2017 వరకు ఎస్సీ ఫెలోషిప్పుకు పి.జి. మార్కులు ఆధారం. ఆ తరువాత జాతీయ అర్హత పరీక్ష, అంటే నెట్ ఫలితం ఆధారమైంది. ఓబీసీలకూ అంతే: సామాజిక, మానవీయ శాస్త్రాలకు యు.జి.సి. నెట్, విజ్ఞాన శాస్త్రాలకు సి.ఎస్.ఐ.ఆర్. నెట్. ఎస్టీ ఫెలోషిప్ మాత్రం పి.జి. మార్కుల ఆధారంగానే నడుస్తోంది.

నెట్ రాయడానికి పి.జి.లో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు 50 శాతం చాలు. గుర్తింపు పొందిన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇచ్చిన పి.జి. పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమని యు.జి.సి. నిబంధనలే చెబుతున్నాయి కనుక మీ పట్టా గురించి సందేహం వద్దు. కాని పిహెచ్.డి.ని దూరవిద్యలో గాని, ఆన్‌లైన్‌లో గాని చేయడానికి వీల్లేదు. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చేయవచ్చు, కాని అప్పుడు ఫెలోషిప్ ఉండదు. జె.ఆర్.ఎఫ్.కు వయోపరిమితి 30 ఏళ్ళు. రిజర్వేషన్ వర్గాలకూ మహిళలకూ మరో అయిదేళ్ళు సడలింపు ఉంది. సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చాలామంది ఆలస్యంగా చదువు మొదలుపెట్టినవారే కాబట్టి, ఈ వయసు లెక్కను ఎం.ఏ.లో చేరిన రోజే వేసుకోవాలి.

అసలు అడ్డంకి భాష. నెట్ ప్రశ్నపత్రం, భాషా సబ్జెక్టులు మినహాయిస్తే, ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. తెలుగు ఎం.ఏ. చదివినవారికి రెండో పేపరు తెలుగులో ఉన్నా, బోధన, పరిశోధన అభిరుచులను పరీక్షించే మొదటి పేపరు ఇంగ్లీషులోనో హిందీలోనో చదవాల్సిందే. చరిత్ర, రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం తెలుగులో చదివిన విద్యార్థి 'మిగులు విలువ', 'ద్రవ్యోల్బణం', 'అధికార పృథక్కరణ' అన్న మాటలను బాగా ఎరుగును. పరీక్షలో అవే భావాలు వేరే వేషంలో వస్తాయి. నా విద్యార్థులకు నేనిచ్చిన సలహా ఒకటే. ఈ పుస్తకంలో ప్రతి పారిభాషిక పదం పక్కన దాని ఇంగ్లీషు మాటను పెన్సిలుతో రాసుకోండి. రెండేళ్ళలో ఒక చిన్న నిఘంటువు తయారవుతుంది. విషయం మీకు వచ్చు, మాట మాత్రమే కొత్త.

ఇతర దేశాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ఫోర్డ్ ఫౌండేషన్ 2001 నుంచి 2013 వరకు నడిపిన అంతర్జాతీయ ఫెలోషిప్ కార్యక్రమం భారతదేశంతో సహా 22 దేశాల్లో 4,300 మందికి పైగా వెనుకబడిన వర్గాల విద్యార్థులను చదివించింది. ఎంపికైనవారికి చదువు మొదలయ్యే ముందే భాషలో, కంప్యూటర్లో శిక్షణ ఇచ్చింది. 1986లో ఛాలెంజర్ ప్రమాదంలో మరణించిన నల్లజాతి వ్యోమగామి రొనాల్డ్ మెక్‌నెయిర్ పేరిట అమెరికాలో నడిచే కార్యక్రమం డిగ్రీ విద్యార్థులనే గుర్తించి, పిహెచ్.డి. దాకా చేయిపట్టి నడిపిస్తుంది. మన పథకాలు గెలిచినవారికి బాగానే డబ్బిస్తాయి. పోటీ దాకా రావడానికి ముందు కావలసిన సాయం మాత్రం వాటిలో లేదు.

డబ్బు ఆలస్యమైతే

ఫెలోషిప్ మంజూరు కావడం వేరు, నెలనెలా చేతికి అందడం వేరు. పరిశోధకుడు హాజరవుతున్నాడని గైడు, విభాగాధిపతి ధ్రువీకరించాలి. విశ్వవిద్యాలయంలో ఒక ఉద్యోగి దాన్ని పోర్టల్‌లో ఎక్కించాలి, మరొకరు సరిచూసి ఆమోదించాలి. తరువాత డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాకు వస్తుంది. ఈ గొలుసులో ఎవరు సెలవు పెట్టినా ఆ నెల డబ్బు ఆగుతుంది.

నా దగ్గర పరిశోధన చేసిన ఒక అబ్బాయిది అవనిగడ్డ దగ్గర చేపల వేట కుటుంబం. తొమ్మిది నెలలు అతనికి రూపాయి రాలేదు. కారణం ఏమిటంటే, బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో చివర ఉంది! మన ఇంటిపేర్ల సంగతి తెలియని కంప్యూటరు అతన్ని ఇద్దరు మనుషులుగా లెక్కించింది. మెస్ బాకీ పెరిగి భోజనం ఆగింది. ఆ సీజనంతా రొయ్యల చెరువుల మీద కాపలా పనికి పోయాడు. క్షేత్ర అధ్యయనం ఒక ఏడాది వెనక్కి పోయింది. నేను చేయగలిగింది కొంత అప్పివ్వడం, ఉత్తరాల మీద ఉత్తరాలు రాయడం. పోయిన ఆ ఏడాదిని ఫెలోషిప్ గడువులో ఎవరూ కలపలేదు.

ఇది అతని ఒక్కడి సంగతి కాదు. గుంటూరుకు చెందిన రోహిత్ వేముల హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. 2016 జనవరి 17న ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ ఉదంతంలో అనేక అంశాలున్నాయి, అవన్నీ ఈ పాఠం పరిధిలోకి రావు. కాని అతని చివరి ఉత్తరంలో తనకు రావలసిన ఏడు నెలల ఫెలోషిప్, రూ. 1,75,000, తన కుటుంబానికి అందేలా చూడమన్న కోరిక ఉంది. నెలకు 25,000 చొప్పున ఏడు నెలలు. ఒక ఫెలోషిప్ వెనక ఎన్ని నోళ్ళు ఉంటాయో పాలకులకు తెలియడానికి ఆ లెక్క చాలాలి.

గడువుల్లో ఇంకో పొసగనితనం ఉంది. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. పునర్నమోదుతో మరో రెండేళ్ళు. మహిళలకూ, 40 శాతం దాటిన వైకల్యం ఉన్నవారికీ ఆపై ఇంకో రెండేళ్ళు. మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి సెలవు కూడా ఉంది. ఫెలోషిప్ మాత్రం అయిదేళ్ళకే ముగుస్తుంది. సిద్ధాంత గ్రంథం రాసే ఆరో ఏడు, అంటే అన్నిటికన్నా ఏకాగ్రత కావలసిన ఏడు, చేతిలో డబ్బు లేని ఏడు అవుతుంది.

దరఖాస్తుకు ముందు

ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పదో తరగతి సర్టిఫికెట్, కుల పత్రం ఈ నాలుగింటిలోనూ మీ పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉందేమో ఈ వారమే చూసుకోండి. తేడా ఉంటే పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టుగా మిగతావాటిని మార్పించుకోవడం తేలిక. నెట్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు మీ వర్గానికి చెందిన ఫెలోషిప్ గురించి అందులో ఏం రాశారో పూర్తిగా చదవండి. నెట్ సెంటర్ కుర్రాడి చేతికి కాగితాలిచ్చి వచ్చేయకండి, పక్కన కూర్చుని నింపించండి. రాష్ట్ర అర్హత పరీక్ష అయిన సెట్ వల్ల అధ్యాపక అర్హత వస్తుందే గాని ఫెలోషిప్ రాదు, రెండింటినీ కలపవద్దు.

2024 నుంచి పిహెచ్.డి. ప్రవేశాలకు కూడా నెట్ స్కోరును వాడుకునే వీలు కల్పించారు. స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ. ఆ 30 శాతం కోసం మీ పరిశోధనాంశాన్ని ముందే ఆలోచించి పెట్టుకోండి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలోనో, మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయంలోనో మీ అంశానికి దగ్గరగా పనిచేసే అధ్యాపకులెవరో కనుక్కుని ఒకసారి వెళ్ళి కలవండి. మొహమాటపడకండి, మంచి విద్యార్థి కోసం అధ్యాపకుడూ ఎదురుచూస్తూనే ఉంటాడు.

ఉయ్యూరు అమ్మాయి సంగతి అడుగుతారేమో. మొదటిసారి నెట్‌లో తప్పింది, రెండోసారీ తప్పింది. మూడోసారి ఓబీసీ ఫెలోషిప్ వచ్చింది. షాపు మానేసిన నెలలోనూ, డబ్బు మొదలవడానికి పట్టిన మరో అయిదు నెలల్లోనూ వాళ్ళ అన్నయ్య ఆటో ఇంటిని నడిపింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. స్కాలర్‌షిప్, ఫెలోషిప్‌ల మధ్య తేడాను మీ కుటుంబం నుంచి ఒక ఉదాహరణతో వివరించండి.

2. రాష్ట్ర బీసీ పత్రం ఉన్న విద్యార్థి జాతీయ ఓబీసీ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయడానికి ఇంకా ఏమేమి సరిచూసుకోవాలి?

3. మీ ఇంటి నెల ఖర్చు లెక్క వేయండి. అందులో మీ సంపాదన వాటా ఎంత? ఫెలోషిప్ మంజూరై ఆరు నెలలు ఆలస్యమైతే ఆ వాటాను ఎవరు, ఎలా భర్తీ చేస్తారో ఒక పేజీలో రాసి, వచ్చే కాంటాక్టు తరగతికి తీసుకురండి.